మందుపాతర: పేల్చేది ఎవరు?

గుంటూరు, పల్నాడు మెట్ట పల్లెల్లో పాత తరం రైతులకు పాతర అనగానే గుర్తుకొచ్చేవి జొన్నలు. మనిషి దిగేంత గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూరా గడ్డి పరిచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి కప్పి, మట్టితో మూసి నేలను చదును చేసేవారు. గాలీ తేమా లోపలికి చొరబడనంత కాలం గింజకు పురుగు పట్టేది కాదు. పైనుంచి చూసేవారికి అక్కడ ధాన్యం ఉందన్న ఆనవాలు కూడా దొరికేది కాదు. పాతర తీసిన రోజున ఎవరినీ వెంటనే లోపలికి దిగనిచ్చేవారు కాదు. గింజలు కూడా శ్వాసిస్తాయి కాబట్టి మూసిన గోతిలో ప్రాణవాయువు తగ్గి బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. అందుకని ముందుగా దీపం దించి, అది ఆరకుండా వెలుగుతోందో లేదో చూసుకునేవారు. ధాన్యపు పాతరలు నేడు దాదాపు కనుమరుగైనా, పాడి రైతులు మొక్కజొన్న చొప్పను గోతిలో తొక్కించి నిల్వ చేసే పాతరగడ్డిలో ఆ మాట ఇంకా బతికే ఉంది.

మందుపాతర అన్న సైనిక పదంలో ఉన్నదీ ఈ పాతరే. మందు అంటే తుపాకి మందు, అంటే సురేకారం, బొగ్గు, గంధకం కలిపి నూరిన నల్లని పొడి. దాన్ని భూమిలో పాతి పేల్చేది మందుపాతర. నేలలో దాగి ఉండటం ఈ ఆయుధపు లక్షణమని ఎవరైనా చెప్పగలరు. గట్టిగా మూసి ఉండటం కూడా అంతే ముఖ్యమైన లక్షణమని, అసలు దాని భౌతికశాస్త్రమంతా అక్కడి నుంచే మొదలవుతుందని గమనించేవారు తక్కువ. కాలక్రమంలో ఈ ఒక్క మాట కిందికి స్వభావంలో పూర్తిగా భిన్నమైన ఆయుధాలు వచ్చి చేరాయి. కోట గోడ కింద దట్టించిన మందూ, సముద్రంలో తేలే ఇనుప గుండూ, పొలంలో పాతిన ప్లాస్టిక్ డబ్బీ, అడవి రోడ్డు కింద తీగ లాగి ఉంచిన పేలుడు పదార్థమూ మన పత్రికల్లో మందుపాతరలే. వీటిని విడదీసి చూడటానికి అన్నిటికంటే పదునైన ప్రశ్న ఒకటుంది: పేలుడును జరిపించేది ఎవరు? దూరంగా కూర్చుని చూస్తున్న మనిషా, లేక ఏమీ తెలియక దాని మీద కాలు పెట్టిన మనిషా?

తొలినాళ్లలో సొరంగమే ఆయుధం, మందు లేదు. భారతంలో లక్క ఇంటి కింద విదురుడు పంపిన ఖనకుడు తవ్వినది ప్రాణాలు కాపాడే సొరంగం. కోట ముట్టడిలో అదే విద్య గోడలు కూల్చడానికి ఉపయోగపడింది. గోడ పునాది కిందికి సొరంగం తవ్వుతూ, పైన ఉన్న బరువు మీద పడకుండా దుంగలు నిలబెట్టుకుంటూ పోయేవారు. చివరకు ఆ దుంగలకు నిప్పు పెడితే ఆధారం పోయి గోడ కూలేది. 1215లో ఇంగ్లండులోని రోచెస్టర్ కోటను ముట్టడించిన జాన్ రాజు, దుంగలు బాగా అంటుకోవడానికి 40 పందుల కొవ్వు తెప్పించాడని అక్కడి రికార్డులు చెబుతున్నాయి. తుపాకి మందు యుద్ధరంగానికి వచ్చిన తర్వాత దుంగలకు నిప్పు పెట్టే పని పోయి, సొరంగం కొసన మందు నింపి పేల్చే పని వచ్చింది. ఇంగ్లీషులో గనికీ ఈ ఆయుధానికీ మైన్ అన్న ఒకే మాట ఉండటానికి కారణం ఇదే. హిందీ వారు దీన్ని బారూదీ సురంగ్ అనడానికీ కారణం ఇదే. విజయవాడ చిట్టినగర్‌లో కొండను తొలిచిన దారిని మనం సొరంగం అంటున్నప్పుడు పలికేదీ ఆ పాత మాటనే.

తుపాకి మందు గురించి ఒక విషయం ఇక్కడ వివరంగా చెప్పుకోవాలి. బయట నేల మీద పోసి అంటిస్తే అది భుగ్గున మండి పొగ చిమ్ముతుందే తప్ప గోడలు కూల్చదు. సురేకారం తనలోని ఆమ్లజనిని విడిచిపెట్టగా బొగ్గూ గంధకమూ దానితో మండుతాయి. వేడి వాయువులు పుడతాయి. చుట్టూ ఖాళీ ఉంటే ఆ వాయువులు తమ దారిన తాము పోతాయి. నాలుగు వైపులా గట్టిగా మూసి ఉంటే మాత్రం పోవడానికి చోటు లేక పీడనం క్షణాల్లో పెరిగి, అన్నిటికంటే బలహీనంగా ఉన్న వైపును బద్దలు కొట్టుకుని బయటపడతాయి. కాబట్టి ముట్టడిదారులకు మందు ఎంత ముఖ్యమో, మందు పెట్టిన తర్వాత సొరంగాన్ని మట్టితో, రాళ్లతో, ఇసుక బస్తాలతో వెనక నుంచి దట్టించి మూయడం అంత ముఖ్యం. పేరేచర్ల వైపు క్వారీల్లో రాతికి రంధ్రం వేసి, తూటా దించి, పైన బంకమట్టి కూరడం చూసినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. మూత సరిగ్గా లేకపోతే రాయి పగలదు, మందు వృథాగా ఎగిరిపోతుంది. టీఎన్‌టీ వంటి ఆధునిక పేలుడు పదార్థాల తీరు వేరు. అవి మండవు, విస్ఫోటిస్తాయి. టీఎన్‌టీలో విస్ఫోటన తరంగం సెకనుకు సుమారు 6,900 మీటర్ల వేగంతో పదార్థం గుండా దూసుకుపోతుంది కాబట్టి, వాయువులు తప్పించుకునే వ్యవధి ఉండదు. అరచేతిలో పట్టే డబ్బీ కూడా ఆయుధం కాగలిగింది ఈ తేడా వల్లనే.

మూసిన పాతరలో మందు బలహీనమైన వైపుకే తిరుగుతుందన్న సూత్రాన్ని గోల్కొండ రక్షకులు మొగలు సైన్యం మీదనే ప్రయోగించి చూపించారు. విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదం దగ్గర అక్కన్న, మాదన్నల పేరుతో గుహలున్నాయి. కుతుబ్‌షాహీల కొలువులో మంత్రాంగం నడిపిన ఆ సోదరులు 1686లో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాదే ఔరంగజేబు స్వయంగా వచ్చి గోల్కొండను ముట్టడించాడు. ఫిరంగులకు గోడలు లొంగకపోవడంతో బురుజుల కిందికి సొరంగాలు తవ్వించి మందు నింపించాడు. కోట లోపలివారు ఆ జాడ పసిగట్టి, తమ వైపు నుంచి ఎదురు సొరంగాలు తవ్వి, అందినంత మందును తీసివేసి, మిగిలినదాన్ని నీటితో తడిపేశారు. తడవకుండా మిగిలినది ముట్టడిదారుల వైపు ఉన్న మందు మాత్రమే. 1687 జూన్‌లో వత్తి అంటించినప్పుడు పేలుడు కోట వైపు పోకుండా వెనక్కి తిరిగి, దాడికి సిద్ధంగా నిలబడి ఉన్న మొగలు సైనికుల మీదే రాళ్లూ మట్టీ కురిపించింది. అంతకు నూట ఇరవై ఏళ్ల ముందు, 1567లో అక్బరు చిత్తోడును ముట్టడించినప్పుడు ప్రమాదం మరో రకంగా వచ్చింది. రెండు మందుపాతరలు ఒకేసారి పేలాల్సి ఉండగా ఒకటి ముందు పేలింది. గోడ పడిందని సైనికులు లోపలికి ఉరికారు. సరిగ్గా అప్పుడు రెండోది పేలి, సొంత సైన్యంలోనే దాదాపు 200 మందిని బలి తీసుకుంది. గోల్కొండ చివరకు మందుపాతరతో పడలేదు. 1687 సెప్టెంబరులో లోపలి మనిషి ఒకడు తలుపు తీయడంతో పడింది.

ఈ సొరంగ విద్య తెలిసిన పటాలాలు ఇంగ్లీషువారి సైన్యంలో ప్రత్యేకంగా ఉండేవి. 1780లో మద్రాసు పయనీర్లుగా మొదలైన పటాలం తర్వాత మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్‌గా పేరు తెచ్చుకుంది. ఆ పేరులోని మైనర్లు అంటే గని కార్మికులు కారు, మందుపాతరలు తవ్వేవారు. నేటి భారత సైన్యంలో అదే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. బెంగళూరు కేంద్రంగా ఉన్న ఆ దళంలో తెలుగు జవాన్లు తరతరాలుగా పనిచేస్తున్నారు. ముళ్ల కంచెలను దూరం నుంచే పేల్చి దారి చేసే బెంగళూరు టార్పెడో అనే పొడవాటి గొట్టాన్ని 1912లో రూపొందించింది ఈ దళానికి చెందిన మెక్‌క్లింటాక్ అనే అధికారి. తర్వాతి యుద్ధాల్లో పాతిపెట్టిన మందుపాతరల మధ్య దారి తెరవడానికి కూడా దాన్ని వాడారు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ పాత పద్ధతికి పరాకాష్ఠ. 1917 జూన్ 7 తెల్లవారుజామున బెల్జియంలోని మెసీన్ గుట్ట కింద బ్రిటిష్ పక్షం 19 మందుపాతరలను కొద్ది సెకన్ల వ్యవధిలో పేల్చింది. సుమారు 450 టన్నుల పేలుడు పదార్థం వాడారు. అక్కడ ఏర్పడిన గుంతలు నేడు చెరువులుగా ఉన్నాయి. ఇంత పెద్ద ఎత్తున జరిగినా, ఇందులో పేల్చే నిర్ణయం మొదటి నుంచి చివరి వరకూ మనిషి చేతిలోనే ఉంది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి మీద అన్నది ఒక అధికారి గడియారం చూసి నిర్ణయించాడు. అయినా ఆ గుట్ట కింద పేల్చకుండా వదిలేసిన మందుపాతరల్లో ఒకటి 1955 జులైలో పిడుగు పడి పేలింది. ఒక ఆవు చనిపోయింది. యుద్ధం ముగిసి అప్పటికి 36 ఏళ్లు దాటింది. నేలలో పాతిన పేలుడు పదార్థం తనను పాతినవారి ఆధీనంలో ఎంతకాలం ఉంటుందన్నది అనుమానమేనని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

పేల్చే పనిని శత్రువుకే అప్పగించే ఆయుధం మొదట సముద్రం మీద పెరిగింది. డైనమైట్ కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ తండ్రి ఇమ్మాన్యుయెల్ నోబెల్, 1853-56 నాటి క్రిమియా యుద్ధంలో రష్యాకు సముద్రపు మందుపాతరలు తయారు చేసి ఇచ్చాడు. ఆ రోజుల్లో వీటిని టార్పెడోలు అనేవారు. 1864లో మొబైల్ అఖాతంలో అమెరికా నౌకాదళాధికారి ఫారగట్ టార్పెడోలను లెక్కచేయకుండా ముందుకు సాగమన్నాడని చెప్పుకునే కథలో టార్పెడో అంటే నీటిలో నిలిపి ఉంచిన మందుపాతరే, నేటి జలాంతర్గామి నుంచి దూసుకెళ్లే టార్పెడో కాదు. పాత యుద్ధ చరిత్రలు తెలుగులోకి తెచ్చేవారు ఈ తేడా గమనించకపోతే అర్థం తలకిందులవుతుంది.

ఈ నీటి మందుపాతరల్లో హెర్ట్జ్ కొమ్ము అనే చిన్న అమరిక చాలాకాలం రాజ్యమేలింది. ఇనుప గుండు చుట్టూ బొటనవేలి మాదిరి సీసపు కొమ్ములు పొడుచుకుని ఉంటాయి. ఒక్కో కొమ్ములో ఆమ్ల ద్రావణం నింపిన గాజు గొట్టం ఉంటుంది. ఓడ తగిలి మెత్తటి సీసం వంగగానే లోపలి గాజు పగులుతుంది. ద్రావణం కింద ఉన్న పలకల మీదికి కారి అప్పటికప్పుడు బ్యాటరీగా మారుతుంది. ఆ విద్యుత్తే పేలుడును రగిలిస్తుంది. దెబ్బ తగిలే క్షణం దాకా అందులో విద్యుత్తే లేదు కాబట్టి, ఏళ్ల తరబడి ఉప్పునీటిలో ఉన్నా బ్యాటరీ ఖర్చయిపోవడమన్న ప్రశ్నే రాదు. తెలివైన అమరిక, అందుకే అంత ప్రమాదకరం. 1904 ఏప్రిల్‌లో రష్యా అడ్మిరల్ మకరోవ్, ఆయన ఉన్న పెట్రోపావ్‌లోవ్‌స్క్ యుద్ధనౌకతో సహా జపాను మందుపాతరలకు బలయ్యాడు. ఆ రష్యా-జపాను యుద్ధం ముగిశాక కూడా లంగరు తెగి కొట్టుకువచ్చిన గుండ్లు సరుకు ఓడలను ముంచుతూనే ఉండటంతో, 1907లో హేగ్‌లో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. లంగరు తెగిన మందుపాతర దానంతటదే నిర్వీర్యం కావాలని అందులో షరతు పెట్టారు. బాధితుడే పేల్చే ఆయుధానికి కాలపరిమితి ఉండాలన్న ఆలోచన అంతర్జాతీయ చట్టంలో మొలకెత్తింది అక్కడే.

అప్పటి నుంచి నీటి మందుపాతర తాకిడి కోసం ఎదురుచూడటం మానేసి, ఓడ ఉనికిని పసిగట్టడం నేర్చుకుంది. 1939 నవంబరులో జర్మనీ విమానం నుంచి జారవిడిచిన ఒక మందుపాతర ఇంగ్లండు తీరాన షూబరీనెస్ దగ్గర బురదలో దొరికింది. ప్రాణాలకు తెగించి దాన్ని విప్పి చూసిన నౌకాదళ నిపుణులకు అది ఓడ ఉక్కులోని అయస్కాంతత్వానికి స్పందిస్తుందని తేలింది. ఓడల చుట్టూ విద్యుత్ తీగలు చుట్టి ఆ అయస్కాంతత్వాన్ని అణచే పద్ధతి వెంటనే అమలులోకి వచ్చింది. ఈ పరంపరకు తాజా కొనసాగింపు మన తీరంలోనే ఉంది. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల ప్రధానంగా రూపొందించిన మల్టీ ఇన్‌ఫ్లుయెన్స్ గ్రౌండ్ మైన్‌ను డీఆర్‌డీఓ, భారత నౌకాదళం కలిసి 2025 మేలో తక్కువ పేలుడు పదార్థంతో విజయవంతంగా పరీక్షించాయి. సముద్రపు అడుగున ఉండి, ఓడల నుంచి వచ్చే పలు రకాల సంకేతాలను కలిపి చూసి లక్ష్యాన్ని గుర్తించేలా దాన్ని తయారు చేశారు.

నేల మీద ఆధునిక మందుపాతర కథ ట్యాంకుతో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు రాగానే జర్మన్లు వాటి దారిలో పేలుడు పదార్థాలు పాతారు. రెండో యుద్ధం నాటికి ట్యాంకు విధ్వంసక మందుపాతర కర్మాగారపు సరుకైంది. అయితే నూటయాభై కిలోలకు పైబడిన బరువు పడితే తప్ప పేలని ఆ పళ్లెం ఆకారపు మందుపాతరలను శత్రు సైనికులు రాత్రికి రాత్రే తవ్వి తీసేసేవారు. కొన్నిసార్లు తీసుకెళ్లి తిరిగి తామే వాడుకునేవారు. వాటికి కాపలాగా మనిషి అడుగుకే పేలే చిన్న మందుపాతరలను చుట్టూ చల్లారు. ఈజిప్టులోని ఎల్ అలమైన్ దగ్గర 1942లో జర్మనీ, ఇటలీ సేనలు సుమారు ఐదు లక్షల మందుపాతరలు పాతాయి. అక్కడ మన నాలుగో డివిజన్ కూడా పోరాడింది. ఆ యుద్ధంలోనే పోలండు ఇంజనీరు యూజెఫ్ కోసాట్స్కీ రూపొందించిన మైన్ డిటెక్టర్ తొలిసారి పెద్ద ఎత్తున వాడకంలోకి వచ్చింది. ఆయన దానికి పేటెంటు తీసుకోకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు.

డిటెక్టర్ లోహాన్ని పట్టుకుంటుంది కాబట్టి మందుపాతర తయారీదారులు లోహాన్ని తగ్గించుకుంటూ పోయారు. జర్మన్లు చెక్క పెట్టెలు, గాజు పాత్రలు వాడారు. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. 1950లలో అమెరికా తయారు చేసిన ఎం-14ను దగ్గరగా చూస్తే ఈ ఆలోచన ఎక్కడిదాకా వెళ్లిందో అర్థమవుతుంది. అడ్డంగా ఐదున్నర సెంటీమీటర్లు, ఎత్తు నాలుగు సెంటీమీటర్లు, మొత్తం బరువు వంద గ్రాములు, అందులో పేలుడు పదార్థం కేవలం 29 గ్రాములు. లోపల కాస్త ఉబ్బుగా వంచిన పలుచని చక్రపు స్ప్రింగు ఉంటుంది. తొమ్మిది నుంచి పదహారు కిలోల బరువు పడగానే ఆ ఉబ్బు ఒక్కసారిగా అటువైపు తిరగబడి, సూదిని డిటొనేటర్‌లోకి దించుతుంది. లోహమంటూ ఉన్నది దాదాపు ఆ సూది ఒక్కటే. నాలుగేళ్ల పిల్లవాడి బరువు కూడా దానికి సరిపోతుంది. మనిషిని చంపడం కంటే పాదాన్ని ఛిద్రం చేయడం దీని ఉద్దేశం. మరణించిన సైనికుణ్ణి అక్కడే వదిలి ముందుకు పోవచ్చు, గాయపడినవాణ్ణి మోయడానికి మరో ఇద్దరు ముగ్గురు కావాలి, వైద్యులు కావాలి, బండి కావాలి అన్నది ఆ సైనిక లెక్క. భారత సైన్యం వాడిన మందుపాతరల్లో కూడా ఈ నమూనా ఉంది. ఇంత శ్రద్ధతో, ఇంత చవకగా, ఒక కాలు తీయడానికి లెక్కగట్టి చేసిన వస్తువు గురించి చదివినప్పుడు నాకు ఆ శాస్త్రపరిజ్ఞానం పట్ల మెచ్చుకోలు కలగదు, బాధ కలుగుతుంది.

ఇప్పుడు చట్టం చెప్పే అర్థానికి వద్దాం. 1997 డిసెంబరులో కెనడా రాజధాని ఒట్టావాలో సంతకాలై, 1999 మార్చి 1న అమలులోకి వచ్చిన ఒప్పందం ప్రకారం, నేల కింద గానీ, నేల మీద గానీ, దగ్గరలో గానీ ఉంచి, మనిషి లేదా వాహనం ఉనికి వల్ల, సమీపించడం వల్ల లేదా తగలడం వల్ల పేలేలా రూపొందించినదే మందుపాతర. వాటిలో మనిషి వల్ల పేలేవాటిని, అంటే వ్యక్తి విధ్వంసక మందుపాతరలను మాత్రమే ఆ ఒప్పందం పూర్తిగా నిషేధించింది. ఈ నిర్వచనంలో ఎంత బరువు, ఎంత లోతు, ఏ పదార్థం అన్న ప్రస్తావనే లేదు. ఎవరి వల్ల పేలుతుంది అన్నదే గీటురాయి. మెసీన్ గుట్టను ఎగరగొట్టిన 450 టన్నులు ఈ నిర్వచనంలోకి రావు. వంద గ్రాముల ఎం-14 వస్తుంది.

ఈ గీత ఒకే ఆయుధాన్ని రెండుగా ఎలా చీలుస్తుందో క్లేమోర్ చెబుతుంది. కొద్దిగా వంచిన ప్లాస్టిక్ పెట్టెలో పేలుడు పదార్థం, దాని ముందు సుమారు 700 ఉక్కు గుండ్లు. పేలినప్పుడు గుండ్లన్నీ ఒక వైపుకే విసనకర్రలా విరజిమ్ముతాయి. సైనికుడు తీగ చివర కూర్చుని, ఎదురుగా ఉన్నది ఎవరో చూసి పేలిస్తే ఒట్టావా ఒప్పందం దాన్ని నిషేధించదు. అదే పెట్టెకు దారికి అడ్డంగా సన్నని తీగ కట్టి, ఎవరి కాలు తగిలితే వారి మీద పేలేలా ఉంచితే అది నిషిద్ధ మందుపాతర. పెట్టె మారలేదు, పేల్చే చేయి మారింది. క్లేమోర్ మైన్ అన్న మాట తెలుగు ఇళ్లన్నిటికీ చేరింది 2003 అక్టోబరు 1న, తిరుపతి అలిపిరి దగ్గర నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి వాహనశ్రేణి మీద నక్సలైట్లు దాడి చేసిన రోజున. ఆ దాడి చేసినవారు లక్ష్యాన్ని చూసి పేల్చారు. అది హత్యాయత్నమే, ఆ విషయంలో సందేహం లేదు. అయినా సాంకేతికంగా అది ఒట్టావా నిర్వచనంలోని మందుపాతర కాదు.

నక్సలైట్ల ఉద్యమం ఉధృతంగా ఉన్న దశాబ్దాల్లో విజయవాడ నుంచి వెలువడిన పత్రికలు మందుపాతర అన్న మాటను వాడింది ఎక్కువగా ఇలా రోడ్డు కింద పాతి, పొదల చాటు నుంచి తీగ కలిపి పేల్చినవాటి గురించే. మాట వ్యుత్పత్తి ప్రకారం అది తప్పు కాదు. గోల్కొండ బురుజు కింద జరిగిందీ అదే కదా. ఈ మధ్య వార్తల్లో కనిపించే ప్రెషర్ బాంబు మాత్రం వేరే జాతి. పోలీసు దళాలు నడిచే కాలిబాటలో పాతిన ఆ బాంబుకు పోలీసు బూటూ, తునికాకు కోసం వెళ్లిన ఆదివాసీ పాదమూ, మేకల మంద గిట్టలూ ఒకటే. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో ఆదివాసీలు ఇలాంటివాటికి కాళ్లు పోగొట్టుకున్నారు. ఇంట్లో చేసినదైనా, కర్మాగారంలో చేసినదైనా మనిషి అడుగుకు పేలితే దాన్ని వ్యక్తి విధ్వంసక మందుపాతరగానే లెక్కించడం అంతర్జాతీయంగా ఉన్న పద్ధతి. మన వార్తల్లో ఈ రెంటినీ ఐఈడీ (నాటు పద్ధతిలో తయారు చేసిన పేలుడు సాధనం) అన్న మూడక్షరాల కింద కలిపేయడం వల్ల, పాఠకుడికి తెలియాల్సిన అసలు సంగతి జారిపోతోంది. మాట మార్చనక్కర్లేదని నా అభిప్రాయం. మందుపాతర అన్నది చక్కని తెలుగు పదం. దూరం నుంచి పేల్చారా, తొక్కడం వల్ల పేలిందా అన్న ఒక్క ముక్క పక్కన చేర్చి రాస్తే చాలు. ఒకటి ఆ రోజుతో ముగిసిన దాడి. రెండోదాని వెనుక అలాంటివే మరికొన్ని ఆ బాటలో ఇంకా ఉండి ఉండవచ్చన్న హెచ్చరిక ఉంది.

ఆ ఇంకా ఉండటమే అసలు సమస్య. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత జరిగిన ఆపరేషన్ పరాక్రమ్‌లో మన సైన్యం పాకిస్తాన్ సరిహద్దు పొడవునా మందుపాతరలు పాతింది. పంజాబ్, రాజస్థాన్, జమ్మూ ప్రాంతాల్లో ఆ నేలలో చాలా భాగం పండే పొలాలు. రైతులు పంట వదులుకున్నారు, పశువులు పోయాయి, మనుషులు గాయపడ్డారు, తొలగించే పనిలో సైనికులు కూడా ప్రాణాలు కోల్పోయారు. పాతినప్పుడు పటాలు గీసుకున్న క్రమశిక్షణ గల సైన్యం కూడా తీసేటప్పుడు ఇంత మూల్యం చెల్లించాల్సి వస్తే, పటాలే లేని కంబోడియా, అంగోలా, అఫ్ఘానిస్తాన్‌ల పరిస్థితి ఊహించవచ్చు. పైగా నేల కదులుతుంది. 2014లో బోస్నియాలో వరదలు, కొండచరియలు వచ్చినప్పుడు, యుద్ధకాలపు మందుపాతరలు తమ హెచ్చరిక బోర్డులతో సహా కొట్టుకుపోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వీధుల్లో కార్లను ఎత్తి పడేసిన తీరు చూసిన విజయవాడ వారికి, వంద గ్రాముల ప్లాస్టిక్ డబ్బీ వరదలో ఎంత దూరం పోగలదో చెప్పనవసరం లేదు.

తీసే పని అత్యంత నెమ్మదైనది. పాతిన చోట గడ్డిని చేత్తో కత్తిరించి, డిటెక్టర్‌ను నేలకు ఆనీ ఆననట్టు అటూ ఇటూ ఊపుతారు. అది మోగిన ప్రతి చోటా, మోకాళ్ల మీద కూర్చుని లేదా బోర్లా పడుకుని, సన్నని ఊచను నేలలోకి ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల కోణంలో గుచ్చుతారు. నిలువుగా గుచ్చితే ఊచ మందుపాతర నెత్తిన తగులుతుంది, పేలేది అక్కడ ఒత్తితేనే. ఏటవాలుగా పోతే పక్క గోడకు తగులుతుంది. ఎక్కువసార్లు బయటపడేది తుప్పు పట్టిన మేకో, సీసా మూతో, తూటా తొడుగో. అయినా ప్రతిదాన్నీ మందుపాతరగానే భావించి తవ్వాలి. లోహం జోలికి పోకుండా పేలుడు పదార్థపు వాసనను మాత్రమే పట్టే జంతువులు ఉపయోగపడేది ఇక్కడే. టాంజానియాలో అపోపో అనే సంస్థ శిక్షణ ఇచ్చిన ఆఫ్రికా పెద్ద ఎలుకలు బరువు తక్కువ కావడం వల్ల మందుపాతర మీదుగా నడిచినా అది పేలదు. వాటిలో మగావా అనే ఎలుక 2020లో జంతువులకిచ్చే శౌర్య పతకం అందుకుంది; విరమించే నాటికి కంబోడియాలో మొత్తం 71 మందుపాతరలను పట్టించింది. ఉత్తర శ్రీలంకలో ఈ తొలగింపు పనిలో తమిళ మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో యుద్ధంలో భర్తను కోల్పోయి కుటుంబ భారం మోస్తున్నవారు ఎందరో. ఆ దేశం 2017లో ఒట్టావా ఒప్పందంలో చేరింది.

భారత్ ఆ ఒప్పందంలో లేదు. పొడవైన భూసరిహద్దుల రక్షణకు మందుపాతరలు అవసరమని మన ప్రభుత్వం చెబుతూ వస్తోంది. అమెరికా, రష్యా, చైనా, పాకిస్తాన్‌లు కూడా చేరలేదు. అయితే కొన్ని సంప్రదాయ ఆయుధాలను పరిమితం చేసే మరో ఒప్పందంలో, 1996లో సవరించిన రెండో ప్రోటోకాల్‌కు భారత్ కట్టుబడి ఉంది. వ్యక్తి విధ్వంసక మందుపాతరలో కనీసం 8 గ్రాముల ఇనుమంత సంకేతం డిటెక్టర్‌కు అందాలని, అది లేని మందుపాతరను వాడరాదని ఆ ప్రోటోకాల్ శాసిస్తుంది. విమానాల నుంచో, ఫిరంగుల నుంచో దూరంగా చల్లేవి నిర్ణీత గడువులో వాటంతటవే నాశనం కావాలని, చల్లినవాటన్నిటిలో 120 రోజుల తర్వాత వెయ్యింట ఒకటికి మించి పనిచేసే స్థితిలో ఉండరాదని కూడా అందులో ఉంది. 1907లో హేగ్‌లో సముద్రానికి పెట్టిన కాలపరిమితి షరతు నేలకు రావడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది.

ఒట్టావా ఒప్పందం వల్ల 5.5 కోట్లకు పైగా మందుపాతరలు గిడ్డంగుల్లోనే నాశనమయ్యాయి. అయినా మందుపాతరల నష్టాన్ని ఏటా లెక్కగట్టే ల్యాండ్‌మైన్ మానిటర్ నివేదిక ప్రకారం 2023లో మందుపాతరలకు, యుద్ధాల్లో పేలకుండా మిగిలిన ఆయుధాలకు ప్రపంచవ్యాప్తంగా కనీసం 5,757 మంది మరణించారు లేదా గాయపడ్డారు. వారిలో 84 శాతం సాధారణ పౌరులు. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో ఫిన్లండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, పోలండ్ దేశాలు రష్యా నుంచి ముప్పును కారణంగా చూపి 2025లో ఆ ఒప్పందం నుంచి వైదొలగాలని నిర్ణయించాయి. కోసాట్స్కీ పుట్టిన పోలండ్‌తో సహా ఈ దేశాలన్నీ, కాలు పెట్టినవాడే పేల్చే ఆయుధాన్ని తమ సరిహద్దు నేలలో మళ్లీ పాతే హక్కును తమ దగ్గర ఉంచుకోవాలనుకుంటున్నాయి.